హెవీ మెటల్ బ్యాండ్‌కు బేస్ ఆంప్ ఎంపిక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో గోడలు అదిరేలా మోగే నా ఆంప్, బ్యాండుతో వాయించగానే ఎందుకు వినిపించకుండా పోతోంది?

మెటల్ బ్యాండులో కొత్తగా చేరిన బేసిస్టులు (బేస్ గిటార్ వాయించేవారు) అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఇదే. కొత్త ఆంప్ (ఆంప్లిఫయర్) కొనాలన్న ఆలోచన కూడా సాధారణంగా ఇక్కడే పుడుతుంది. గదిలో ఒక్కరమే వాయించుకునేటప్పుడు బేస్, ట్రెబుల్ నాబ్‌లు పెంచి మిడ్స్ (మధ్యస్థాయి శబ్దాలు) తగ్గిస్తే శబ్దం నిండుగా, మెరుపుగా ఉంటుంది. బ్యాండులో మాత్రం 60 నుంచి 80 హెర్ట్జ్ ప్రాంతంలో కిక్ డ్రమ్ తిష్ట వేసి ఉంటుంది; డ్రమ్మర్ డబుల్ పెడల్ వాయించేవారైతే అక్కడ ఇక సందు దొరకదు. పైన సింబల్స్, డిస్టార్షన్ (శబ్దాన్ని కావాలని గరుకు చేయడం) వాడే గిటార్ల పదునైన అంచు కలిసి 2,000 హెర్ట్జ్ దాటిన చోటునంతా నింపేస్తాయి. గిటార్ల ఆరో తీగను సి వరకు దించితే వాటి అడుగు స్వరం దాదాపు 65 హెర్ట్జ్‌కు చేరి, బేస్ ఉండే చోటులోకే వచ్చేస్తుంది. బేస్ గిటార్‌కు నికరంగా మిగిలేది 200 నుంచి 1,000 హెర్ట్జ్ వరకు ఉన్న మధ్య భాగం. ఇంట్లో కూర్చుని మనం చేతులారా తగ్గించుకుని వచ్చేది సరిగ్గా ఆ భాగాన్నే.

నా మొదటి ఆంప్ 12 అంగుళాల స్పీకర్ ఒక్కటే ఉన్న 100 వాట్ల కాంబో, అంటే ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉన్నది. మేడ మీది గదిలో దాని వాల్యూమ్ సగం పెంచితే కింద వంటింట్లో స్టీలు గిన్నెలు మోగేవి. మొదటి రిహార్సల్‌లో ఇద్దరు గిటారిస్టులు ట్యూబ్ హెడ్లతో (స్పీకర్ నుంచి విడిగా ఉండే ట్యూబ్ ఆంపులతో) మొదలుపెట్టేసరికి వేళ్ల కింద తీగ అదరడం తెలుస్తోంది గాని స్వరం మాత్రం తెలియడం లేదు. వాల్యూమ్ చివరిదాకా తిప్పాను. మూడో పాటలో ఓపెన్ ఇ తీగ మీటినప్పుడు స్వరానికి బదులు అట్టపెట్టెను కర్రతో కొట్టినట్టు ‘టప్, టప్’ మని చప్పుడు వచ్చింది. గ్రిల్ మీద చెయ్యి పెడితే లోపల స్పీకర్ కోన్ (గాలిని కదిలించే భాగం) తన హద్దు దాటి కొట్టుకోవడం అరచేతికి తెలిసింది. మెటల్‌కు బేస్ ఆంప్ చూసేటప్పుడు దాని శబ్దం ఎలా ఉందన్నది రెండో ప్రశ్న అనీ, గట్టిగా వాయిస్తున్నప్పుడు దానిలో ఇంకా ఎంత సత్తువ మిగిలి ఉందన్నదే మొదటి ప్రశ్న అనీ నాకు ఆ రోజే అర్థమైంది.

అయితే ఎన్ని వాట్లు కావాలి?

ఇద్దరు గిటారిస్టులు, బలంగా వాయించే డ్రమ్మర్ ఉన్న బ్యాండుకు క్లాస్ డి (తేలికైన ఆధునిక రకం) లేదా మామూలు సాలిడ్ స్టేట్ (ట్రాన్సిస్టర్లతో నడిచే) ఆంప్ అయితే 500 నుంచి 800 వాట్లు, వ్యాక్యూమ్ ట్యూబులతో నడిచే ట్యూబ్ ఆంప్ అయితే 200 నుంచి 300 వాట్లు ఉండాలన్నది నా అభిప్రాయం. గిటారిస్టుకు 50 వాట్లు ధారాళంగా సరిపోతుండగా మనకెందుకు ఇన్ని అన్న అనుమానం సహజమే. మన చెవి మధ్యస్థాయి శబ్దాలను పట్టుకున్నంత సులువుగా అడుగు శబ్దాలను పట్టుకోలేదు. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు ఈ తేడాను కొలిచి వక్రరేఖలుగా గీశారు. 40 హెర్ట్జ్ దగ్గరి స్వరం 1,000 హెర్ట్జ్ దగ్గరి స్వరమంత గట్టిగా వినిపించాలంటే ఎన్నో రెట్లు ఎక్కువ శక్తి ఖర్చు చేయాలి.

ఇక్కడ రెండు లెక్కలు మనసులో పెట్టుకోవాలి. వాట్లు రెట్టింపైతే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే పెరుగుతుంది. చెవికి ‘రెట్టింపు’ అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్, అంటే పది రెట్ల వాట్లు కావాలి. కాబట్టి 400 వాట్ల ఆంప్‌కూ 500 వాట్ల ఆంప్‌కూ మధ్య ఉన్న తేడా కోసం వేలకు వేలు పోయడం దండగ. రెండోది, పెట్టె మీద అచ్చువేసిన వాట్ల అంకె దాదాపు ఎప్పుడూ 4 ఓమ్స్ (స్పీకర్ కరెంటుకు చూపే అడ్డు కొలత) దగ్గర కొలిచినది. మీ దగ్గర 8 ఓమ్స్ క్యాబినెట్ (స్పీకర్ల పెట్టె) ఒక్కటే ఉంటే 500 వాట్ల క్లాస్ డి హెడ్ నుంచి మీకు అందేది అందులో సగం, లేదా సగానికి కాస్త ఎక్కువ. దుకాణంలో ఈ మాట అడగందే ఎవరూ చెప్పరు.

ట్యూబ్ ఆంప్ కొనాలా, క్లాస్ డి కొనాలా?

మెటల్ బేస్ శబ్దం మన చెవుల్లో ఎలా స్థిరపడిందో చూస్తే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. 1969లో అమెరికా కంపెనీ ఆంపెగ్ తెచ్చిన ఎస్‌విటి హెడ్‌లో 14 ట్యూబులు ఉండేవి. 300 వాట్లు ఇచ్చే ఆ హెడ్‌ను ఎనిమిది 10 అంగుళాల స్పీకర్ల క్యాబినెట్ల మీద పెట్టి వాయించేవారు. పెద్ద వేదికల మీద బేస్‌ను గిటార్లకు దీటుగా నిలబెట్టిన పరికరం అది. ఇంగ్లాండులో మోటర్‌హెడ్ బ్యాండు బేసిస్టు లెమ్మీ వేరే దారి పట్టాడు: మార్షల్ సూపర్ బేస్ హెడ్లను మిడ్స్ బాగా పెంచి, ఓవర్‌డ్రైవ్‌లోకి నెట్టి, రికెన్‌బ్యాకర్ బేస్‌ను రిథమ్ గిటార్‌లా వాయించాడు. అంతకుముందే బర్మింగ్‌హామ్‌లో, బ్లాక్ సబ్బాత్ మొదటి ఆల్బమ్ వచ్చిన 1970 నాటికే, ఆ బ్యాండు బేసిస్టు గీజర్ బట్లర్ గిటార్ రిఫ్‌కు (మళ్లీ మళ్లీ వచ్చే స్వర వరుసకు) బేస్ ఎలా తోడు నడవాలో చూపించాడు. వీళ్లంతా ట్యూబ్ ఆంపుల మీద వాయించినవాళ్లే. ట్యూబ్ ఆంప్ తన హద్దు దగ్గరికి వచ్చినప్పుడు శబ్దాన్ని ఒక్కసారిగా తెంచెయ్యకుండా మెల్లగా నలుపుతుంది, ఆ నలగడంలోనే కొత్త హార్మోనిక్స్ (మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు) పుడతాయి. అందుకే ట్యూబ్ ఆంప్‌లోని 300 వాట్లు కాగితం మీది అంకె కంటే పెద్దగా వినిపిస్తాయి.

దానికి కట్టాల్సిన మూల్యం మాత్రం తక్కువ కాదు. ఎస్‌విటి తరహా హెడ్ ఒక్కటే 36 కిలోల పైచిలుకు ఉంటుంది. పవర్ ట్యూబులు మార్చిన ప్రతిసారీ బయాస్ (ట్యూబుల విద్యుత్ సర్దుబాటు) సరిచూడాలి, అది తెలిసిన టెక్నీషియన్ మీ ఊళ్లో ఉండాలి. అంతకు మించి, స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదం ఉంది. క్లాస్ డి హెడ్ రెండు మూడు కిలోల బరువుతో గిటార్ సంచి జేబులో ఒదిగిపోతుంది, 800 వాట్లు ఇస్తుంది, కానీ తనంతట తానుగా శబ్దానికి ఏ రంగూ పులమదు. మొదటిసారి కొంటున్నవారికి, సొంత వాహనం లేనివారికి, మూడో అంతస్తు జామ్ రూమ్‌కు మెట్లెక్కి వెళ్లేవారికి నేను మారు ఆలోచన లేకుండా క్లాస్ డి హెడ్, దాని ముందు ఒక మంచి ప్రీఆంప్ పెడల్ (శబ్దానికి రంగు దిద్దే చిన్న పరికరం) అనే చెబుతాను. ట్యూబ్ ఆంప్ మీద మనసుపడినవారిని మాత్రం ఆపను. ఆ శబ్దం నిజమైనదే, దాని కోసం వీపు నొప్పి భరించినవాళ్లను నేను ఎరుగుదును.

క్యాబినెట్ ఏది? నాలుగు 10 అంగుళాల స్పీకర్లదా (4×10), ఎనిమిదింటిదా (8×10), ఒక్క 15 అంగుళాలదా (1×15)?

హెడ్ గురించి నెలల తరబడి చదివి క్యాబినెట్‌ను చివర్లో, మిగిలిన డబ్బుతో కొనడం మనలో చాలామంది చేసే పొరపాటు. గాలిని కదిలించేది స్పీకరే. డబ్బు పరిమితంగా ఉంటే క్యాబినెట్‌కు ఎక్కువ భాగం కేటాయించండి, హెడ్‌ను తర్వాత మార్చుకోవచ్చు.

15 అంగుళాల స్పీకర్ అంటే అడుగు శబ్దం, 10 అంగుళాల స్పీకర్ అంటే పై శబ్దం అన్న మాట చాలాకాలంగా చలామణీలో ఉంది. అది సగం కూడా నిజం కాదు. క్యాబినెట్ ఎంత దిగువకు వెళ్తుందన్నది పెట్టె లోపలి ఖాళీ, దాని పోర్ట్ (గాలి రంధ్రం) ట్యూనింగ్, కోన్ ఎంత దూరం కదలగలదన్న దాని మీద ఆధారపడుతుంది. దీనికి గట్టి సాక్ష్యం ఆంపెగ్ 8×10 క్యాబినెట్టే: 63 కిలోల బరువుండే ఆ మూసిన పెట్టె 58 హెర్ట్జ్ కిందికి దిగేసరికి బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. ఇ తీగ మూల స్వరం 41 హెర్ట్జ్ కదా, మరి ఆ క్యాబినెట్ అంత భారీగా ఎలా వినిపిస్తుంది? 82, 123 హెర్ట్జ్ దగ్గర ఉండే పై హార్మోనిక్స్‌ను బలంగా ఇస్తే మెదడు మూల స్వరాన్ని తనే పూరించుకుంటుంది. మెటల్‌లో కిక్ డ్రమ్‌కు అడుగున చోటు వదిలేసి బేస్ పైన గుద్దినట్టు తగలాలి గనుక ఈ లక్షణం లోపం కాదు, వరం.

మోయగలిగినవారికి, స్థలం ఉన్నవారికి 8×10. మిగిలినవారికి ఒక 4×10, వీలైతే తర్వాత అదే రకం ఇంకొకటి. రెండు 2×12 క్యాబినెట్లు నిలువుగా ఒకదాని మీద ఒకటి పెట్టడం ఇంకా నయం. పై స్పీకర్ మీ చెవి ఎత్తుకు వస్తుంది, మీరు ఏం వాయిస్తున్నారో మీకే స్పష్టంగా తెలుస్తుంది. 8 ఓమ్స్ 4×10 కింద 8 ఓమ్స్ 1×15 పెట్టే పాత అలవాటును మాత్రం నేను సమర్థించను. హెడ్ రెండింటికీ చెరిసగం శక్తి పంపుతుంది, పైన నాలుగు స్పీకర్లు పంచుకునేంత భారాన్ని కింద ఒక్క స్పీకర్ మొయ్యాల్సి వస్తుంది, గట్టిగా వాయిస్తే ముందు చేతులెత్తేసేది ఆ పదిహేనే.

మాది డ్రాప్ ట్యూనింగ్ (తీగలను మామూలు కంటే దించి వాయిస్తాం), నాది ఐదు తీగల బేస్. ఏమైనా మారుతుందా?

మారుతుంది. అదనపు ఐదో తీగ అయిన బి మూల స్వరం 31 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. పోర్టులున్న క్యాబినెట్‌ను తయారీదారు ఏ ఫ్రీక్వెన్సీకి ట్యూన్ చేశాడో దానికంటే కిందికి శబ్దం వెళ్తే కోన్‌కు వెనుక గాలి ఆసరా ఉండదు. అది పెద్దగా శబ్దం పుట్టించకుండానే విపరీతంగా ముందుకూ వెనక్కూ ఊగుతుంది. నా మొదటి కాంబోలో నేను విన్న ‘టప్’ ఇలాంటిదే. అందుకే 30 నుంచి 40 హెర్ట్జ్ దగ్గర మొదలై ఆ కింది శబ్దాలకు కోత పెట్టే హైపాస్ ఫిల్టర్ ఉన్న ఆంప్ గాని, అదే పని చేసే పెడల్ గాని తీసుకోండి. వినడానికి ఏమీ పోయినట్టుండదు, పైగా ఆంప్‌కు ఊపిరి పీల్చుకునే వీలు దొరికి మొత్తం ఇంకా గట్టిగా వాయించవచ్చు. ఇలాంటి చోట బేస్ నాబ్ పెంచడం గాయాన్ని కెలకడమే.

ఓమ్స్ లెక్క నాకు ఎప్పుడూ తికమకే. ఏది గుర్తుపెట్టుకుంటే చాలు?

రెండు 8 ఓమ్స్ క్యాబినెట్లు కలిపితే 4 ఓమ్స్, రెండు 4 ఓమ్స్ క్యాబినెట్లు కలిపితే 2 ఓమ్స్. హెడ్ వెనుక రాసిన కనిష్ఠ సంఖ్య కంటే కిందికి వెళ్లకూడదు. చాలా క్లాస్ డి హెడ్లకు ఆ కనిష్ఠం 4 ఓమ్స్ కాబట్టి, ముందుముందు రెండో క్యాబినెట్ జోడించే ఆలోచన ఉంటే మొదటిది 8 ఓమ్స్‌దే కొనండి. ట్యూబ్ హెడ్‌కైతే వెనుక ఉన్న సెలెక్టర్ స్విచ్‌ను క్యాబినెట్ సంఖ్యకు సరిపెట్టాలి.

హెడ్ నుంచి క్యాబినెట్‌కు వెళ్లేది స్పీకర్ కేబుల్ అయి తీరాలి. గిటార్ కేబుల్ చివర ఉండే జాక్ చూడడానికి అలాగే ఉంటుంది గాని, లోపలి తీగ వెంట్రుకలాంటిది. ఒకసారి రిహార్సల్‌లో తొందరలో మా వాళ్లెవరో గిటార్ కేబులే తగిలించారు; రెండు పాటల తర్వాత దానిని పట్టుకుంటే టీ గ్లాసంత వేడిగా ఉంది. మెలితిప్పి బిగించే స్పీకాన్ కనెక్టర్ ఉన్న హెడ్, క్యాబినెట్ తీసుకుంటే ఈ గందరగోళానికే తావుండదు.

డిస్టార్షన్ ఆంప్‌లోనే ఉండాలా, పెడల్ చాలా?

పెడల్ చాలు, చాలాసార్లు అదే మేలు. బేస్‌ను నేరుగా డిస్టార్షన్‌లో ముంచితే అడుగు భాగం పలుచబడుతుంది, బ్యాండు మొత్తం ఒక్కసారిగా సన్నబడినట్టు అనిపిస్తుంది. శుభ్రమైన శబ్దాన్ని ఒక దారిలో, డిస్టార్షన్‌ను మరో దారిలో నడిపి చివర్లో కలిపే బ్లెండ్ నాబ్ ఉన్న పెడల్ ఈ ఇబ్బందిని తీరుస్తుంది. టెక్ 21 శాన్స్‌ఆంప్ బేస్ డ్రైవర్, ఫిన్లాండులోని హెల్సింకీలో మొదలైన డార్క్‌గ్లాస్ కంపెనీ బి7కె వంటివి మెటల్ బేసిస్టుల చేతుల్లో తరచుగా కనిపించడానికి కారణం అదే. డిస్టార్షన్ వాడేటప్పుడు క్యాబినెట్ వెనుక ఉండే ట్వీటర్ (పై శబ్దాల చిన్న స్పీకర్) నాబ్‌ను బాగా తగ్గించండి, లేకపోతే డిస్టార్షన్ ఇసుక రుద్దినట్టు చెవిని గీరుతుంది.

నాబ్‌లు ఎక్కడ పెట్టి మొదలుపెట్టాలి?

అన్నీ నడిమధ్య పెట్టి, బ్యాండు మొత్తం వాయిస్తుండగా మొదలుపెట్టండి. కలగాపులగంగా ఉంటే 250 హెర్ట్జ్ ప్రాంతాన్ని కొద్దిగా తగ్గించండి. స్వరం తెలియకపోతే 500 నుంచి 800 హెర్ట్జ్ మధ్య పెంచండి. పిక్‌తో వాయించేవారికి తీగ కరకరలాడే శబ్దం 2,000 నుంచి 3,000 హెర్ట్జ్ దగ్గర దొరుకుతుంది. ఐరన్ మెయిడెన్ బేసిస్టు స్టీవ్ హారిస్ ఫ్లాట్‌వౌండ్ (పైచుట్టు నునుపుగా ఉండే) తీగల మీద వేళ్లతోనే ఆ స్పష్టత సాధిస్తాడు గనుక ఇదంతా ఆంప్ చేసే పనేనని అనుకోవద్దు. కుడి చేతి బలం ఇందులో పెద్ద వాటాదారు. ఒంటరిగా వింటే ఈ సెట్టింగ్ ముక్కుతో పాడినట్టు, మొరటుగా ఉంటుంది. అలా ఉండడమే సరైనది. మీ గిటారిస్టు మిడ్స్ పూర్తిగా తీసేసే రకమైతే మీకు ఇంకా చోటు దొరికినట్టే, ఆయన అడుగు శబ్దాన్ని కూడా కొంచెం తగ్గించమని మర్యాదగా అడగండి.

వేదిక మీద ఎలాగూ డిఐ (నేరుగా మిక్సర్‌కు వెళ్లే లైన్) తీసుకుంటారు కదా, నాకసలు ఆంప్ ఎందుకు?

పెద్ద వేదిక మీద సౌండ్ ఇంజనీర్ మీ డిఐని మిక్సర్‌కు తీసుకుని, ప్రేక్షకులకు పీఏ (హాలు స్పీకర్ల వ్యవస్థ) ద్వారా వినిపిస్తారు, వెనుకనున్న ఆంప్ మీకూ డ్రమ్మర్‌కూ మాత్రమే. ఇన్‌ఇయర్ మానిటర్లు (తమ వాయిద్యం వినడానికి చెవిలో పెట్టుకునేవి) వాడే బ్యాండైతే మోడలర్ (ఆంప్ శబ్దాన్ని అనుకరించే డిజిటల్ పరికరం) ఒక్కటీ చేత్తో పట్టుకుని వెళ్లవచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు. కానీ జామ్ రూముల్లో, కాలేజీ ఫెస్టుల్లో, పీఏ గొంతుకు మాత్రమే సరిపోయే చిన్న చోట్లలో ఆంప్ లేని బేసిస్టు చెప్పుకోవడానికే బ్యాండులో ఉన్నట్టు. హెడ్ కొనేటప్పుడు వెనుక డిఐ అవుట్‌పుట్, దాని పక్కన ‘ప్రీ, పోస్ట్’ స్విచ్, గ్రౌండ్ లిఫ్ట్ (గుయ్‌మనే హమ్ తగ్గించే స్విచ్) ఉన్నాయో లేదో చూడండి. స్విచ్‌ను ‘ప్రీ’లో ఉంచితే, పాట మధ్యలో మీరు నాబ్ తిప్పినా ఇంజనీర్ వైపు శబ్దం మారదు.

గిటార్ ఆంప్‌లో బేస్ వాయించవచ్చా?

గిటార్ స్పీకర్ల మీద వద్దు. వాటి కోన్ అంత దూరం కదలడానికి తయారైనది కాదు, గట్టిగా వాయిస్తే చిరుగుతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్య ఆంప్ తెస్తానంటున్నాడు. తెప్పించుకోనా?

మన ఇళ్లలో చాలామందికి ఈ అవకాశం ఉంది, ధర కూడా ఊరిస్తుంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. క్లాస్ డి హెడ్లలో చాలావాటికి 100 నుంచి 240 వోల్టుల వరకు తనంతట తానే సర్దుకునే పవర్ సప్లై ఉంటుంది, కొన్నింటికి ఉండదు. కొనకముందే వెనుక ప్లేటు ఫోటో తీసి పంపమనండి. ‘120వి’ అని మాత్రమే ఉంటే, ముఖ్యంగా ట్యూబ్ హెడ్ అయితే, దాని వాటేజీకి తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ఇక్కడి ప్లగ్‌లో పెట్టకండి. క్యాబినెట్‌కు ఈ బాధ లేదు గాని, దాని బరువుకు విమానం ఛార్జీలు చూశాక దాన్ని ఇక్కడే కొనాలని మీకే తెలుస్తుంది.

పాత ఇళ్లలో, అద్దె హాళ్లలో మూడో పిన్నుకు ఎర్తింగ్ ఉందో లేదో ఒక సాకెట్ టెస్టర్‌తో చూసుకోండి. బేస్ తీగలు పట్టుకుని మైక్‌కు పెదవి తగిలినప్పుడు చురుక్కుమంటే వెంటనే ఆపెయ్యాలి. హమ్ పోతుందని ఎర్త్ పిన్ను విరిచేసేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని ఎవ్వరూ చెయ్యవద్దు, ప్రాణం మీదికి వస్తుంది. హమ్ తగ్గించడానికి డిఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ ఉంది.

చెవులకు ఏమైనా జాగ్రత్త పడాలా?

తప్పకుండా. వృత్తి ఆరోగ్యానికి సంబంధించిన అమెరికా సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు, 100 డెసిబెల్స్ అయితే 15 నిమిషాలే. మెటల్ రిహార్సల్ ఆ 100ను సులువుగా దాటుతుంది. సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ ఖర్చును ఆంప్ బడ్జెట్‌లోనే వేసుకోండి. అవి పెట్టుకుంటే బేస్ ఇంకా స్పష్టంగా తెలుస్తుందన్నది నా అనుభవం.

సెకండ్ హ్యాండ్ కొంటున్నాను. ఏం చూడాలి?

మీ సొంత బేస్, ఒక మల్టీమీటర్ తీసుకెళ్లండి. క్యాబినెట్ జాక్ దగ్గర మీటర్ పెడితే 8 ఓమ్స్ క్యాబినెట్ సాధారణంగా 6 దగ్గర, 4 ఓమ్స్‌ది 3 దగ్గర చూపించాలి. 4×10 క్యాబినెట్ అంకె దీనికి చాలా దూరంగా ఉంటే లోపల ఏదో స్పీకర్ చచ్చిపోయి ఉండవచ్చు, లేదా ఎవరో వేరే స్పీకర్ బిగించి ఉండవచ్చు. గ్రిల్ తీయించి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ను అన్ని వైపులా సమానంగా, మెల్లగా లోపలికి నొక్కండి; ఇసుక రాసుకున్నట్టు గరగరమంటే కాయిల్ (కోన్ వెనుక ఉండే తీగచుట్ట) దెబ్బతిన్నది. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల్లో వాడిన ఆంపులకు జాకులు, స్క్రూలు తుప్పు పట్టాయేమో చూడండి, గాలిలోని ఉప్పు వాటినే ముందు తింటుంది. ట్యూబ్ హెడ్ అయితే ఆన్ చేసి, వేడెక్కాక ఒక్కొక్క ప్రీఆంప్ ట్యూబును పెన్సిల్‌తో మెత్తగా తట్టండి. స్పీకర్‌లో గంటలా మోగితే ఆ ట్యూబు మార్చే ఖర్చు ధరలో తగ్గించమని అడగవచ్చు. ఆఖరికి, అమ్మేవారు మొహమాటపెట్టినా సరే, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో అన్నా సరే, ఓపెన్ ఇ తీగను మీరు బ్యాండులో వాయించేంత గట్టిగా పది నిమిషాలు వాయించండి. కాలిన వాసన, ఫ్యాన్ తిరగకపోవడం, వేడెక్కాక తగ్గిపోయే వాల్యూమ్, ఇవన్నీ ఆ పది నిమిషాల తర్వాతే బయటపడతాయి.